రూతమ్మ చేతులు

పానకాలయ్య గారికి ఒక అలవాటుండేది. ఎవరు ఏ ప్రశ్న అడిగినా ఆ రోజే జవాబు చెప్పేవారు కారు. "వెంటనే వచ్చే జవాబు నా నోటి అలవాటు. నీకు పనికొచ్చేది కాస్త ఆగి వస్తుంది" అనేవారు. ఆగేవాళ్లం. రెండు వారాలకో మూడు వారాలకో ఆయన ఒక చిన్న సంగతి చెప్పేవారు, అందులో మా ప్రశ్నకు జవాబు దొరికేది. మురహరి అడిగిన ప్రశ్నకు మాత్రం జవాబు ఆయన నోట రాలేదు. అది వచ్చిన తీరు చూసినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

నరసరావుపేట అవతల కాలవ కట్ట మీద గురువుగారి పెంకుటిల్లు. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. ఆదివారం ఉదయాలు ఆయన అరుగు మీద ఏడెనిమిది మందిమి చేరేవాళ్లం. ఎక్కువమంది వ్యాపారస్తులే. వాళ్లలో మురహరిది మిర్చి వ్యాపారం. ఎండుమిరపకాయలకు తొడిమలు తీయించే పెద్ద షెడ్డు, పక్కనే కారం ఆడే మిల్లు ఉన్నాయి. నలభై ఎనిమిదేళ్ల మనిషి, మాట మెత్తన, చెయ్యి ధారాళం. ఊళ్లో బడికి గదులు కట్టించాడు. వేసవిలో చలివేంద్రాలు పెట్టిస్తాడు. పండక్కి పనివాళ్లందరికీ బట్టలు పెడతాడు.

ఆ ఆదివారం అతను అడిగాడు: "గురువుగారూ, లాభమూ లోకానికి మేలూ ఒకే పనిలో ఉంటాయా? నేనైతే రెంటినీ వేరుగానే చూస్తున్నాను. షెడ్డులో సంపాదిస్తాను, బయటికొచ్చి ఇస్తాను. ఇది సరైన దారేనా?"

గురువుగారు మాట్లాడలేదు. అరుగు మీద వాళ్లు ఊరుకోలేదు. పత్తిగింజల నూనె మిల్లాయన, వందమందికి పని చూపించడం కంటే పెద్ద మేలు ఏముంటుందన్నాడు. మందుల షాపాయన, నకిలీ సరుకు అమ్మకుండా ఉంటే చాలు, అదే ప్రజాసేవ అన్నాడు. బస్సులు తిప్పే ఆయన, తాను లాభం లేకపోయినా ఒక మారుమూల ఊరికి బస్సు నడుపుతున్నానని చెప్పుకున్నాడు. అందరి మాటలూ విన్నాక మురహరి తన కబురు చెప్పాడు. షెడ్డు పక్కన పసిపిల్లల గది కట్టించాడట. తల్లులు పనిలో ఉన్నంతసేపూ పిల్లల్ని అక్కడ ఒక ఆయా చూసుకుంటుంది. ఉయ్యాలలు, బొమ్మలు, పాలపొడి అన్నీ సిద్ధం. బుధవారం గురువుగారు వచ్చి తలుపు తెరవాలని అతని కోరిక.

"వస్తాను" అన్నారు గురువుగారు. "అక్కడ ఏముందో చూశాక నీ ప్రశ్న సంగతి ఆలోచిద్దాం."

బుధవారం నాడు నేనూ ఆయన వెంట వెళ్లాను. కారు షెడ్డుకు ఫర్లాంగు దూరంలో ఉండగానే మాకు దగ్గు మొదలైంది. దిగేసరికి కళ్లలో నీళ్లు. మురహరి నవ్వుతూ, "మొదట్లో అంతే గురువుగారూ, అలవాటైపోతుంది" అన్నాడు. కొత్త గది నిజంగా బాగుంది. తెల్లటి గోడలు, చల్లని గచ్చు, కిటికీలకు జాలీలు, ఘాటు లోపలికి రాకుండా జంట తలుపులు. తెల్ల చీర కట్టుకున్న ఆయా గుమ్మంలో నిలబడి ఉంది. గురువుగారు రిబ్బను విప్పి తలుపు తీశారు. అందరం చప్పట్లు కొట్టాం.

ఫొటో కోసం ఒక తల్లీబిడ్డా కావాలన్నాడు ఫొటోగ్రాఫరు. మురహరి మేస్త్రీకి చెప్పాడు. మేస్త్రీ షెడ్డులోకి వెళ్లి రూతమ్మ అనే అమ్మాయిని పిలుచుకొచ్చాడు. పాతికేళ్లుంటాయేమో. ఆమె వెనకే మిగతా ఆడవాళ్లూ వచ్చి, ఓ నలభైమంది వరకూ, వరండాలో దూరంగా నిలబడ్డారు. రూతమ్మ కూతురు షారోను. ఎనిమిది నెలల పిల్ల. ప్రారంభోత్సవమని నాయనమ్మ పొద్దున్నే తెచ్చి ఆయాకు అప్పజెప్పి వెళ్లింది. బూరెబుగ్గలు, నెత్తిన రెండు పిలకలు. మురహరి ఆ పాపను ఎత్తుకుని ముద్దు చేస్తున్నాడు. ఆ పాప అతని కళ్లజోడు లాగుతోంది.

"ఇదిగో అమ్మా, తీసుకో" అన్నాడతను.

రూతమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది. "వద్దు సారూ, ఆయమ్మ దగ్గరే ఉండనీయండి. నేను పక్కన నిలబడతా" అంది.

"సిగ్గెందుకు? నీ బిడ్డేగా!"

"పనిలోంచి వచ్చా సారూ. చేతులు..."

"కడుక్కునే వచ్చింది సార్. సబ్బుతో కడిగించా" అన్నాడు మేస్త్రీ. ఫొటోగ్రాఫరు టైం చూసుకుంటున్నాడు. ఆమె అయినా కదల్లేదు, కళ్లు దించుకుని నిలబడింది. అప్పుడు గురువుగారు ముందుకొచ్చి, ఎంతో ఆప్యాయంగా, "తీసుకో తల్లీ. నీ కోసమేగా ఇదంతా" అన్నారు.

పెద్దాయన మాట కాదనలేకపోయింది. చేతులు ముందుకు చాపింది కానీ అరచేతులు తగలనివ్వలేదు. మోచేతులు మడిచి, వాటి మీద ఏదో చేటను మోసినట్టు పాపను నిలుపుకుంది. మురహరి, "అదేం పట్టుకోవడం, సరిగ్గా పట్టుకో" అని నవ్వి, తనే ఆమె కుడిచేతిని తీసి పాప వీపు మీద పెట్టాడు. పాప అటు తిరిగి తల్లి వేళ్లు పట్టుకుంది. వాటిని నోట్లో పెట్టుకుంది. తర్వాత ఆ తడి చేత్తోనే కళ్లు నులుముకుంది.

ఆ కేక నేను ఎలా చెప్పను? పసిపిల్ల ఏడుపులు చాలా విన్నాను. అది ఏడుపు కాదు. ఒక్క అరుపు అరిచి పాప ఊపిరి బిగబట్టింది. మొహం ఎర్రబడింది, తర్వాత కమిలినట్టయింది. పెదవులు మా కళ్ల ముందే ఉబ్బాయి. కళ్లు మూసుకుపోయాయి. రూతమ్మ మొహం పాలిపోయింది. ఒక్క క్షణం కూడా బిడ్డను గుండెకు హత్తుకోలేదు. మోచేతుల మీద పాపను మా వైపు చాపి, "తీసుకోండయ్యా, తీసుకోండి! నా దగ్గరుంచొద్దు!" అని అరిచింది.

గురువుగారు పాపను అందుకున్నారు. ఏం చేయాలో ఆయనకు తెలియదు. నాకూ తెలియదు. నేను వరండా వైపు తిరిగి, "ఎవరైనా రండమ్మా, పట్టుకోండి!" అని కేకేశాను. అక్కడ నలభైమంది ఆడవాళ్లున్నారు. అందరూ పిల్లల్ని పెంచినవాళ్లే. ఒక్కరూ కదల్లేదు. కొందరు ఏడుస్తున్నారు. ముందు వరసలో ఉన్న ఒక ముసలామె రెండు చేతులూ పైకెత్తి అరచేతులు మాకు చూపించింది. చూస్తుండగానే పక్కామె చూపించింది, ఆ పక్కామె కూడా. ఎర్రగా కమిలిన చేతులు, గోళ్ల సందుల్లో కారం. అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. వాళ్లు రాకపోవడం కాదు, రాలేకపోవడం. ఆ ఆవరణలో ఒక పసిబిడ్డను ముట్టుకోగల ఆడమనిషి ఆయా ఒక్కతే. ఆమె భయంతో గోడకు అంటుకుపోయి ఉంది.

"నీళ్లు పొయ్యండయ్యా! కళ్లు నలపొద్దు, ధారగా పొయ్యండి!" అని ఆ ముసలామె అక్కణ్ణించే అరుస్తోంది. ఎలా పట్టుకోవాలో, తల ఎటు వంచాలో ఆమే చెప్పింది. పానకాలయ్య గారు పట్టుకుంటే నేను బిందెలో నీళ్లు పోశాను. కాసేపటికి పాపకు ఊపిరి తిరిగింది, మళ్లీ అరవడం మొదలుపెట్టింది. ఆ అరుపు వింటే మాకు ప్రాణం లేచొచ్చింది. మురహరి కంగారులో చెమట తుడుచుకున్నాడు. రూతమ్మ చెయ్యి పట్టుకున్న చెయ్యే అది. కారు తోలబోయి, మంటకు కళ్లు తెరవలేక వెనక సీట్లో పడిపోయాడు. చివరికి ఫొటోగ్రాఫరు కారు నడిపాడు.

ఆస్పత్రిలో డాక్టరు పాప కళ్లు గంటసేపు కడిగాడు. కుడికన్ను పైపొర గీసుకుందన్నాడు, చూపుకి ఢోకా ఉండకపోవచ్చు గానీ నాలుగు రోజులు ఇక్కడే ఉంచాలన్నాడు. నర్సు బయటికొచ్చి, "తల్లెవరు? లోపలికొచ్చి పట్టుకోండి, పిల్ల ఆగట్లేదు" అంది. రూతమ్మ వసారా చివర గోడకు ఆనుకుని నిలబడి ఉంది. రానన్నట్టు తల అడ్డంగా ఊపింది. "ఏం తల్లివమ్మా నువ్వు?" అని నర్సు విసుక్కుని వెళ్లిపోయింది.

మురహరి లేచాడు. ఎర్రబడ్డ కళ్లతో తడుముకుంటూ ఆమె దగ్గరికి వెళ్లి, "ముందే చెప్పకూడదామ్మా?" అన్నాడు. ఆ ప్రశ్న అడిగినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నానని తర్వాత నాతో అన్నాడు.

రూతమ్మ కోపంగా మాట్లాడలేదు. తెలియని మనిషికి దారి చెప్పినట్టు చెప్పింది. "సబ్బుకి పోదు సారూ. మూడుసార్లు కడిగా. ఇంటికెళ్లాక మజ్జిగలో పెడతాం, కొబ్బరినూనె రాస్తాం. అయినా తెల్లారిందాకా మంటే. పిల్లకి నీళ్లు పోసేది మా అత్తే, అన్నం పెట్టేదీ అత్తే. నేను పాలిచ్చేటప్పుడు అత్త పట్టుకుంటది, నేను చేతులు ఎనక్కి కట్టుకుని కూకుంటా." పాప ఏడుపు వినిపిస్తున్న గది వైపు చూసింది. "దాని చెంప మెత్తగా ఉంటదంట సారూ. అత్త చెప్పుద్ది."

గురువుగారు బల్ల మీంచి జారినట్టుగా కిందకు దిగి, ఆ ఆస్పత్రి గచ్చు మీదే కూర్చుండిపోయారు. ముప్పై ఏళ్లుగా ఆయన్ని ఎరుగుదును. అలా చూడలేదు. "తీసుకో తల్లీ అని నేనే అన్నాను" అన్నారు.

నాలుగో రోజున పాపకు కట్టు విప్పారు. చూపు బాగానే ఉంది. మర్నాడు మురహరి షెడ్డులోకి వెళ్లి, చొక్కా చేతులు మడిచి, ఆడవాళ్ల వరసలో పీట వేసుకుని కూర్చున్నాడు. పదహారేళ్లుగా ఆ షెడ్డు అతనిది. ఒక్క కాయకు తొడిమ తీసి ఎరగడు. మధ్యాహ్నానికి అతని వేళ్లు వాచాయి. అన్నం కలుపుకోలేక ఆ పూట మానేశాడు. ఇంట్లో ముసలి తల్లికి కళ్లల్లో చుక్కలు వేసే పని అతనిదే. ఆ సాయంత్రం సీసా పట్టుకుని ఆమె ముందు నిలబడి, వెయ్యలేక భార్యను పిలిచాడు.

మూడో రోజుకు ఆడవాళ్లు అతనితో మామూలుగా మాట్లాడటం మొదలుపెట్టారు. మొదట అతను రబ్బరు గ్లౌజులు తెప్పిస్తానన్నాడు. ఆ రోజు అరచేతులు చూపించిన ముసలామె నవ్వింది. "అదీ అయింది బాబూ. పాత గుమాస్తా తెచ్చాడు. కాయ జారుద్ది, లోపల చెమటకి చర్మం ఊడుద్ది. గుడ్డవైతే ఘాటు పీల్చి ఇంకా మంట. తూకం తగ్గితే కూలి తగ్గుద్ది గదా, అందుకే తీసి పారేశాం." గ్లౌజులు ఇచ్చామని తన ఆఫీసు కాగితాల్లో రాసుంది. వాళ్లు తీసి పారేశారన్న సంగతి అతనికి తెలియదు.

అతను ఊళ్లో కమ్మరి పని చేసే వీరాచారిని పిలిపించాడు. చెయ్యి తగలకుండా తొడిమ ఊడాలి, పని మాత్రం మనుషుల దగ్గరే ఉండాలి. మొదట చేసిన బల్ల కాయల్ని చితక్కొట్టింది. రెండోది తొడిమతో పాటు కాయ మెడ కూడా తెంపింది. ఆడవాళ్లు పడీ పడీ నవ్వారు. అప్పటికి రూతమ్మ మళ్లీ పనిలోకి వచ్చింది. ఆమె ఆ బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగి, "కాయని పట్టుకుంటున్నారు మీరు. తొడిమని పట్టుకోవాల. కాయ దాని బరువుకి అదే ఇవతల పడుద్ది" అంది. వీరాచారి ఆమె వంక చూసి, బల్లను వెనక్కి తీసుకుపోయాడు.

నాలుగోది పనిచేసింది. నడుమెత్తు ఇనుప బల్ల, మీద సన్నటి సందులు. చెక్కపలకతో కాయల్ని నెడితే తొడిమలు సందుల్లోకి దిగుతాయి. కాలితో తొక్కితే కిందున్న చువ్వ వాటిని పట్టి లాగుతుంది. చేత్తో పనే లేదు. నేర్చుకున్నన్నాళ్లు తూకంతో సంబంధం లేకుండా రోజు కూలి ఇచ్చాడు. మొదటి రెండు నెలలూ సరుకు సగమే తయారైంది. తోటి వ్యాపారస్తులు నవ్వారు. బంధువొకాయన ఇంటికొచ్చి మరీ మందలించి పోయాడు. మురహరి వినలేదు. ఆ కేక తన చెవుల్లో ఇంకా ఉందని చెప్పేవాడు.

చేతుల్లోంచి ఘాటు పూర్తిగా పోవడానికి ఇరవై రోజులు పైనే పట్టింది. ఒక రోజు మధ్యాహ్నం అన్నం వేళ రూతమ్మ పసిపిల్లల గదికి వచ్చింది. ముందు తన కంటికే వేలు తాకించుకుని చూసుకుంది. మంట లేదు. ఆయా ఒళ్లో ఉన్న షారోను చెంప మీద మెల్లగా అరచెయ్యి ఆనించింది. పాప బెదిరిపోయింది. మొహం తిప్పేసుకుని ఆయా చీర కొంగులో దూరి బిగ్గరగా ఏడ్చింది. తల్లి చెయ్యి ఎలా ఉంటుందో ఆ పిల్లకు ఒక్కసారే తెలిసింది, అదీ ఆ బుధవారం నాడే. రూతమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. గుమ్మంలో నిలబడ్డ మురహరి తల దించుకోవడం చూసి ఆమే అతనికి ధైర్యం చెప్పింది: "పర్లేదు సారూ. రేపు మళ్లీ వస్తా." రోజూ వచ్చింది. నెలన్నర తర్వాత, పాప ఆ చేతిని ఏడవకుండా ఉండనిచ్చింది. ఆ కబురు షెడ్డంతా పాకి, ఆ పూట ఎవరికీ పని సాగలేదట.

ఏడాది తిరిగాక ఒక ఆదివారం మురహరి మా అరుగు మీదికి ఉత్సాహంగా వచ్చాడు. కొత్త బల్లల మీద కాయ చితకడం లేదు. గింజ రాలడం లేదు. ఇంత శుభ్రమైన సరుకు ఎక్కడా చూడలేదని విదేశీ కొనుగోలుదారులు ఎగబడుతున్నారు. చేతుల మంట పోయాక ఆడవాళ్లు నాగాలు పెట్టడం మానేశారు. అప్పట్లో నవ్విన వ్యాపారస్తులే ఇప్పుడు వీరాచారి ఇంటి ముందు నిలబడుతున్నారు. షెడ్డు చరిత్రలో ఇంత లాభం ఎప్పుడూ రాలేదన్నాడు.

"నా ప్రశ్నకు జవాబు దొరికింది గురువుగారూ" అన్నాడు. "మేలూ లాభమూ వేరు కావు. ఒకే బల్ల మీద రెండూ ఉన్నాయి."

నూనె మిల్లాయన తలూపాడు. మందుల షాపాయన, చాలా బాగా చెప్పావన్నాడు. బస్సులాయన లేచి మురహరి భుజం తట్టాడు. గురువుగారు మాత్రం అతని మొహంలోకే చూస్తూ కూర్చున్నారు.

"బల్ల వల్ల నష్టమే వచ్చుంటే?" అన్నారు.

అబద్ధం చెప్పే మనిషి కాదు మురహరి. కట్ట మీద సైకిలు తోసుకుంటూ వెళ్తున్న మనిషి వంక చూశాడు. ఉత్సాహమంతా దిగిపోయిన గొంతుతో నిజమే చెప్పాడు.

"ఆ సంగతి నేను ఆలోచించలేదు గురువుగారూ."

"ఆలోచించు" అన్నారు పానకాలయ్య గారు. "ఈసారి ఏ బిడ్డా కేక పెట్టకముందే."